నవలాకారుడు, తప్పిపోయిన మనుష్యులు



నాగరుకర్నూలు జిల్లా బిజినేపల్లి మండలమున నంది వడ్డెమాను అను గ్రామము కలదు. అచ్చటి శనీశ్వరాలయమునకు జనులు దూరప్రాంతములనుండి వచ్చి తైలాభిషేకములు చేయించుకొని పోవుచుందురు. ఆ వచ్చిపోవువారిలో, కాకతీయుల కాలమున ఈ యూరు వర్ధమానపురమను పేర రాజధానిగా నుండెననియు, గోన వంశమువారు ఇచ్చటనుండి ఈ సీమ నేలిరనియు ఎరిగినవారు తక్కువ. రంగనాథ రామాయణమను ద్విపద కావ్యమునకు కర్తగా పేరుగాంచిన గోన బుద్ధారెడ్డి ఆ వంశమువాడే. ఆ వంశమువాడే గోన గన్నారెడ్డి. ఈతనిని నాయకునిగా జేసి ఒక నవలాకారుడు పెద్ద నవల రచించెను. ఆ నవలాకారుని జీవితమును, ఆ పుస్తకమును, దానిని చదువునప్పుడు నాకు తోచిన ఒక యాలోచనను నేడు మీకు విన్నవింపదలచితిని. ఆ యాలోచన తప్పిపోయిన మనుష్యులను గూర్చినది.

ఆ నవలాకారుడు అడివి బాపిరాజుగారు. వారు 1895 అక్టోబరు 8వ తేదీన భీమవర ప్రాంతమున జన్మించిరి. రాజమహేంద్రవర కళాశాలలో చదువునప్పుడు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయాచార్యుని శిష్యులై చిత్రకళయం దభిరుచి పెంచుకొనిరి. సహాయ నిరాకరణోద్యమమున దిగి 1922లో కారాగృహవాస మనుభవించిరి. పిమ్మట న్యాయశాస్త్రము చదివి భీమవరమున కొంతకాలము వకీలుగా నుండిరి. ఆ వృత్తి వారి మనస్సునకు పట్టలేదు. బందరు జాతీయ కళాశాలకు అధ్యక్షులైరి. చలనచిత్రములకు కళాదర్శకత్వము వహించిరి. పాటలు వ్రాసిరి, బొమ్మలు వేసిరి. వారి ‘నారాయణరావు’ నవలయు, విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ను 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి బహుమానమును సమానముగా పంచుకొనినవి. 1940 దశకమున హైదరాబాదునకు వచ్చి ‘మీజాన్’ తెలుగు పత్రికకు సంపాదకులైరి. ‘గోన గన్నారెడ్డి’ ఆ దశకమున వెలువడిన నవలయే. 1952 సెప్టెంబరు 22వ తేదీన వారు పరమపదించిరి.

గోదావరి డెల్టాలో పుట్టినవారొకరు కృష్ణా తుంగభద్రల నడుమ పేరుమాసిన మనవాని నొకనిని వెదకి తెచ్చి మనకప్పగించిరి. ఆ నవల నేటికిని మరల మరల అచ్చుపడుచున్నది. 2015లో విడుదలయైన ‘రుద్రమదేవి’ చలనచిత్రము వలన గన్నారెడ్డి పేరు చదువురాని పిల్లలకు సైతము తెలిసినది. పుస్తకమునకు ఇంతకంటె మంచి వార్త యేమి కావలెను?

ఇక కథలోనికి వత్తము. ఆదవోని కోటలో వివాహము జరుగుచున్నది. పెండ్లికుమారుడు వర్ధమానపురమునుండి తరలివచ్చినాడు. ముహూర్తము సమీపించినది. అంతలో గజదొంగయని పేరువడిన గన్నారెడ్డి తన యనుచరులతో వచ్చిపడి పెండ్లికుమారుని ఎత్తుకొనిపోవును. కోటలో హాహాకారములు. వధువు పీటలమీదనే నిలిచిపోవును. ఈతడు నిజముగా దొంగయా, లేక రుద్రమదేవి పక్షమున పనిచేయుచున్న రహస్యవీరుడా యనుదానిని నవల మెల్లమెల్లగా విప్పిచెప్పును. ఒక మనిషి కనబడకుండ పోవుటతో కథ మొదలయ్యెను. పాఠకుడు పుస్తకము క్రింద పెట్టలేకపోయెను.

నవలాకారులకు తప్పిపోయినవారిపై ఇంత మక్కువ యేల? తెలుగున తొలి నవలగా చెప్పబడు కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ను తలచుకొనుడు. అది 1878లో పత్రికాముఖమున మొదలై, 1880లో పుస్తకమైనది. అందును అల్లుడు దేశాంతరమున మరణించెనని వార్త వచ్చును. పెద్దకూతురు దొంగల బారినపడి చనిపోయినదని తలిదండ్రులు దుఃఖింతురు. చిన్నకూతురిని దుండగులు ఎత్తుకొనిపోవుదురు. కడకు అందరును సజీవులై ఇల్లు చేరుదురు. అనగా మన భాషలో నవలయను ప్రక్రియ పుట్టినప్పుడే తప్పిపోయినవారును దానితో పుట్టిరి. చనిపోయినవాని కథ ముగిసినది. ఉన్నవాని కథ కన్నులయెదుటనే యున్నది. పోయి రానివాని కథ మాత్రము నడుమ తెగినది. ఆ తెగినచోట కలము పెట్టుటకు నవలాకారునికి వీలు చిక్కును.

అయితే బాపిరాజుగారు గన్నారెడ్డిని గాలిలోనుండి సృజింపలేదు. రాయచూరు కోటగోడలో సుమారు 41 అడుగుల పొడవుగల శిల యొకటి కలదు. దానిమీది శాసనము 1294వ సంవత్సరము నాటిది. గోన గన్నయరెడ్డివారి సేవలోని విఠలనాథుడు ఆదవోని, తుంబళము మొదలగు దుర్గములను జయించి, రాయచూరున కోట కట్టించెనని దానివలన తెలియుచున్నది. శాసనము చెప్పునది ఇంతమాత్రమే. ఈ మనిషి యౌవనమెట్లు గడిపెను? ఎవరిని ప్రేమించెను? ఎవరితో వైరము పూనెను? శిల మౌనము వహించినది. ఆ మౌనమును బాపిరాజుగారు నవలతో నింపిరి. నింపినంతభాగము కల్పన; శిల చెప్పినంతభాగము చరిత్ర. ఈ రెంటికి నడుమనున్న గట్టును మనము చెరుపరాదు.

ఈ గట్టు ఎంత ముఖ్యమైనదో మరి రెండు ఉదాహరణములు చెప్పెదను. రాణి రుద్రమదేవి ఎప్పుడు మరణించెనో చాలకాలము స్పష్టముగా తెలియలేదు. 1295 ప్రాంతమువరకు రాజ్యమేలెనని చరిత్రకారులు తలచుచుండిరి. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనము ఆ లెక్కను మార్చినది. పువ్వుల ముమ్మడియను భటుడు, రుద్రమదేవియు సేనాని మల్లికార్జున నాయకుడును శివసాయుజ్యము పొందిరని చెప్పి, వారి పుణ్యమునకై దేవునికి భూదానము చేసినట్లు 1289 నవంబరులో వ్రాయించెను. గొప్ప పండితు లెవ్వరును గాక, ఒక సామాన్య భటుడు తేదీ వేసి చెక్కించిన రాయి, సామ్రాజ్ఞి మరణకాలమును మనకు తెలిపినది.

రెండవది ప్రతాపరుద్రుని కథ. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ఢిల్లీసేనలు ఆయనను బందీగా గొనిపోయినవి. దారిలో నర్మదాతీరమున ఆయన దేహము చాలించెనని విలస తామ్రశాసనము తెలుపుచున్నది. ఆయనతోపాటు చెరబట్టబడినవారెందరో, వారేమైరో ఓరుగల్లులో మిగిలినవారికి తెలియదు. వారిలో నొకడు మాత్రము ఢిల్లీలో దొరకినాడు. కన్ను అను పేరుగల తెలుగువాడు సుల్తానును చేరి, మతము మారి, మక్బూల్ అను పేరు వహించి, ఫిరోజ్ షా తుగ్లక్ కాలమున ఖానె జహాను బిరుదుతో వజీరు పదవి నధిష్ఠించెనని అఫీఫ్ అను చరిత్రకారుడు వ్రాసినాడు. ఓరుగల్లు సేనాని గన్నమ నాయకుడే ఈతడని పలువురు పండితుల యభిప్రాయము. ఇంటివారికి పోయినవాడు, లోకమునకు మరియొక పేరుతో దొరకినాడు. దొరకుటకు కారణమేమి? ఎవరో యొకరు, ఈతడెవడు, ఎచ్చటివాడు, మునుపటి పేరేమి యని అడిగి వ్రాసిపెట్టుట.

నవలాకర్త్రి తానే తప్పిపోయిన సంగతి యొకటి వినుడు. అగాథా క్రిస్టీ యను ఆంగ్ల రచయిత్రి అపరాధ పరిశోధక నవలలకు లోకప్రసిద్ధురాలు. 1926 డిసెంబరు 3వ తేదీ రాత్రి ఆమె ఇల్లు వెడలి కనబడకపోయెను. మరునాడు ఆమె కారు ఒక సున్నపురాతి గోతిచెంత నిలిచియున్నది, లోపల ఆమె పైకోటు ఉన్నది, ఆమె లేదు. పోలీసులును, వేలకొలది జనులును పొలములు, చెరువులు గాలించిరి. షెర్లాక్ హోమ్సును సృజించిన ఆర్థర్ కానన్ డాయిల్ అంతటివాడు ఆమె చేతితొడుగును తెప్పించి, దివ్యదృష్టి గలవాడని పేరుగాంచిన యొకనికి చూపించెను. కాని ఆమె దొరకినది అట్లు గాదు. ఉత్తర ఇంగ్లండులోని హారోగేటు పట్టణమున ఒక హోటలులో వాద్యములు వాయించు ఇద్దరు మనుష్యులు, పత్రికలలో పడిన బొమ్మను చూచి, తమ యెదుట కూర్చున్న స్త్రీని పోల్చుకొని పోలీసులకు తెలిపిరి. 11 దినముల తరువాత, డిసెంబరు 14వ తేదీన, ఆమె వేరొక పేరుతో అచ్చట బసచేసియున్నట్లు తేలెను. ఆ దినములలో ఏమి జరిగెనో ఆమె తన ఆత్మకథలో చెప్పనేలేదు.

ఈ సంగతి మన పెద్దలకు ఎందుకు చెప్పుచున్నాననగా, మన యూళ్లలోను మనిషి కనబడకపోయినప్పుడు మొదట జరుగు పని అంజనము వేయించుట. తమలపాకునకు కాటుక పూసి, పిల్లవానిచేత చూపించి, తూర్పున ఉన్నాడు, నీటిదగ్గర ఉన్నాడు అని చెప్పింతురు. సోదె చెప్పించుకొందురు. దుఃఖములో నున్నవారిని నేను పరిహసింపను. కాని అంజనమునకై తిరిగిన నాలుగు దినములు వెదకుటకు మిక్కిలి విలువైన నాలుగు దినములు. కానన్ డాయిల్ బుద్ధి తక్కువవాడు గాడు. అయినను ఆ తావున చేతితొడుగు పనిచేయలేదు, బొమ్మ పనిచేసినది. అంజనము కంటె ఆనవాలు మేలు.

మన సీమలో ఈ మాట కథలకు సంబంధించినది మాత్రమే కాదు. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు 2016లో వేరువేరు జిల్లాలైనవి గాని, అంతకుముందు ఇవి పాలమూరు జిల్లాలోనివి. పాలమూరు కూలీలన్న పేరు దేశమంతట వినబడినది. వానలు లేనియేడు గుంపుమేస్త్రీ వచ్చి బయానా ఇచ్చి, ఆనకట్టల పనులకు, కాలువల త్రవ్వకములకు, బొంబాయి పూనాలలోని కట్టడములకు మన జనులను గొనిపోయెను. వారు ఎత్తిన మట్టితో ఎందరి పొలములకో నీరు పారినది. పోయినవారిలో అందరును తిరిగి రాలేదు.

నేనెరిగిన యొక గ్రామమున అట్టి యిల్లాలు కలదు. భర్త పనికి పోయి పదునొకండేండ్లు గడచినవి. ఆమె బొట్టు పెట్టుకొన్నచో కొందరు గొణుగుదురు. తీసివేసినచో అత్తగారు ఏడ్చును. పెండ్లిపేరంటమునకు పిలుచువారికి సందేహము, పిలువనివారికి సంకోచము. రచ్చబండకడ పెద్దలు కూడి మాటాడినప్పుడు నేను నుంటిని. పూర్వాచారము ననుసరించి పండ్రెండేండ్లు వేచి కర్మ చేయవలెనని కొందరనిరి. జీవించియున్నవానికి కర్మ చేయుట దోషమని కొందరనిరి. అప్పుడొక వృద్ధుడు, ‘అతడు ఇల్లు విడిచిన తేదీ యేది?’ యని అడిగెను. ఎవ్వరును చెప్పలేకపోయిరి. వేరుసెనగ పీకిన తరువాత అని ఒకరు, దసరాకు ముందని ఒకరు. ఏ మేస్త్రీ వెంట పోయెను? ఇద్దరి పేర్లు వినవచ్చినవి. ఫొటో కలదా? లేదు. ఠాణాలో చెప్పితిరా? లేదు. ఎడమ మోకాలిమీద కొడవలి గాటు ఉన్నదని తల్లి మాత్రము చెప్పినది. పదునొకండేండ్ల పిమ్మట ఆ మనిషి గుర్తు ఊరిలో ఆ గాటు ఒక్కటియే మిగిలినది.

భూత్పూరులో, నాటి బుద్ధాపురములో, 1276 నాటి శాసనము కలదు. గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక, తన భర్త మల్యాల గుండ దండనాథుడు గతించిన పిమ్మట, ఆయన పేర గుండేశ్వరాలయము నెత్తించి వేయించిన శాసనమది. ఆమె దుఃఖమునకు ఒక రాయి దొరికినది, దానిమీద ఒక తేదీ దొరికినది. నేను చెప్పిన యిల్లాలి దుఃఖమునకు అదియు లేదు.

చట్టమేమి చెప్పుచున్నదో వినుడు. ఒక మనిషి బ్రదికియున్నచో సహజముగా అతని సంగతి ఎవరికి తెలియవలెనో, వారికి 7 సంవత్సరములపాటు ఏ వార్తయు తెలియనియెడల, అతడు జీవించియున్నాడనువాడే ఆ మాట ఋజువు చేయవలెను. 1872 నాటి సాక్ష్యచట్టములో ఇది 108వ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములో ఇది 111వ సెక్షను. హిందూ వివాహచట్టము కూడ 7 సంవత్సరములు వార్తలేని భర్తనుండియో భార్యనుండియో విడాకులు కోరు హక్కు నిచ్చినది. పట్టా మార్పునకు, భీమా సొమ్మునకు, వితంతు పింఛనునకు ఈ నియమము ఆధారమగును. కాని చట్టము తనంత తాను ఇంటికి రాదు, న్యాయస్థానమున అడుగవలెను. అడిగినప్పుడు, ఏడేండ్లు గడచినవనుటకు మొదటిదినము ఏదో చూపవలెను, వెదకితిమనుటకు సాక్ష్యము చూపవలెను. ఆ రెంటిని ఒక్కసారి చూపగలది పోలీసుఠాణాలో నాడే యిచ్చిన ఫిర్యాదు. ఆ కాగితము మనిషిని వెదకుటకు ఉపకరించును. మనిషి దొరకనినాడు ఇంటిని నిలుపుటకును ఉపకరించును.

కావున పెద్దలకు నా మనవి యిది. మనిషి కనబడనప్పుడు ఒక దినము గడువనిమ్మని ఎవరైన అన్నచో నమ్మకుడు. అట్టి నిబంధన లేదు. ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు ఇయ్యవచ్చును. తమ సరిహద్దు కాదని త్రోసిపుచ్చరాదు. పసిపిల్ల తప్పిపోయినచో వెంటనే కేసు నమోదు చేయవలెనని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించినది. పిల్లలకొరకు 1098, తక్కినవారికొరకు 112 సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అను పేర్లతో పోలీసులు తప్పిపోయిన పిల్లలను, పనిలో పెట్టబడిన పిల్లలను వెదకుదురు. ఫిర్యాదు లేని బిడ్డను పట్టుకొన్నను ఏ యింటికి చేర్చవలెనో వారికి తెలియుట కష్టము.

మరియొక పనికి పోలీసులు అక్కరలేదు, ఊరిపెద్దలు చాలును. పనికి పోవు ప్రతిగుంపు విషయమున ఒక నోటుపుస్తకమున వ్రాసిపెట్టుడు: ఎవరు, ఏ తేదీన, ఏ మేస్త్రీవెంట, ఏ యూరికి, ఏ పనికి. ఒక్కొక్కరి ఫొటో ఒకటి అంటించుడు. దేహముమీది గుర్తు ఒకటి వ్రాయుడు. మతి తప్పుచున్న వృద్ధులను జాతరకో, పుష్కరమునకో తీసికొనిపోవునప్పుడు ఊరి పేరు, ఇంటివారి సెల్‌ఫోను సంఖ్య వ్రాసిన చీటి జేబులో కుట్టించుడు. సెల్‌ఫోను పోవచ్చును, చీటి కుట్టు విడదు.

ఇట్టి పని అల్పమని తలపవలదు. మన గద్వాల ప్రాంతమున బోరవెల్లిలో 1896లో పుట్టి, 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైన సురవరము ప్రతాపరెడ్డిగారు చేసినది ఇట్టి పనియే. నిజాము రాజ్యమున తెలుగు కవులే లేరని ఎవరో వ్రాసినప్పుడు, ఆయన వాదమునకు కూర్చుండలేదు. ఊరూరినుండి కవుల పేర్లను, వివరములను, పద్యములను సేకరించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించెను. లేరన్నవారు ఉన్నారని తేలినది. వారెన్నడును లేకపోలేదు, వారి పేర్లు వ్రాసినవాడు లేకపోయెను. కవులకు ప్రతాపరెడ్డిగారు చేసినది కూలీలకు మనము చేయలేమా?

బాపిరాజుగారి నవలలో ఎత్తుకొనిపోబడిన పెండ్లికుమారుడు ఏమగునో పుస్తకమున తెలియును. ఆ భారము రచయితది. మన యూరినుండి పోయినవాని కథకు అట్టి రచయిత ఎవడును లేడు. అతడు పోయిన తేదీని వ్రాసిపెట్టు భారము మనది. ఈ వేసవిలో మీ యూరినుండి బయలుదేరు తొలిగుంపు పేర్లతోనే ఆ పుస్తకము తెరువుడు.